బొటనవేలంత దూరం

ఆ సోమవారం పొద్దున సారు కోసం మెషిన్ కడిగి, గొట్టాలు బిగించి, సెలైన్ పారించి సిద్ధంగా పెట్టాను. ఆత్మకూరులో నేను టెక్నీషియన్‌గా పనిచేసే డయాలసిస్ సెంటర్లో కిటికీ పక్క బెడ్డు ఆయనది. మొదటి బస్సుకి రావలసినవాళ్ళంతా వచ్చారు. ఆ ఒక్క బెడ్డూ ఖాళీగా ఉంది. సారు ఆలస్యంగా వచ్చే మనిషి కాదు. ఫోన్ చేస్తే ఆయన తమ్ముడు ఎత్తాడు.

"అన్న లేవలేదమ్మా. కాఫీ తీసుకోనిపోయి పిలిస్తే పలకలేదు," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా మెషిన్ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని నాకు కాసేపటికి గాని తోచలేదు.

మా దగ్గర సోమవారమంటే అందరికీ లోపల ఒక భయం. సోమ, బుధ, శుక్రవారాల్లో రక్తం శుభ్రం చేయించుకునేవాళ్ళకి శని ఆదివారాల ఎడం పెద్దది. ఒంట్లో నీరు బయటికి పోయే దారి ఉండదు. తాగినదంతా కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆ బరువంతా గుండె మోయాలి. అందుకే సోమవారం తలుపు తీయగానే నేను ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుంటాను. అందరూ వచ్చారంటే ఊపిరి పీల్చుకుంటాను.

సారు ఉదయగిరిలో మాకు సోషల్ చెప్పారు. మా నాయనకి గొర్రెల మంద ఉంది. మా ఇంట్లో బడికి పోయి చదువుకున్న మొదటి మనిషిని నేను. బళ్ళో ఉన్న పటాలన్నిటినీ చెదలు తినేస్తే మిగిలింది యూరప్ పటం ఒక్కటే. సారు దాన్నే గోడకి తగిలించి అన్ని పాఠాలూ చెప్పేవారు. "ఉండే పటంతోనే చెప్తానబ్బా. నది యాడైనా నదే. ఎగువ నుంచి దిగువకే పోతాది," అనేవారు.

స్కేలు ఉండేది కాదు. పటం మీద బొటనవేలు ఆనించి దూరాలు కొలిచేవారు. బొటనవేలు ఒక్కసారి పడితే రైల్లో ఒక పూట ప్రయాణమని మాకు లెక్క చెప్పారు. రైన్ నది మంచుకొండల్లో పుట్టిన చోట వేలు పెట్టి, అక్కడినుంచి ఒక్కొక్క వేలే దిగువకి జరుపుతూ, "ఇప్పుడు ఏ ఊరు వచ్చిందిరా?" అని అడిగేవారు. మేము బాసెల్ అని, స్ట్రాస్‌బర్గ్ అని, కొలోన్ అని అరిచేవాళ్ళం. సముద్రం దగ్గర రోటర్‌డామ్ వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. నేను కావలి కూడా చూడకముందే నాకు బాసెల్ తెలుసు.

చాలా ఏళ్ళ తరవాత ఒక రోజు ఆయన మా సెంటర్లో బరువు మిషను ఎక్కి నిలబడి కనిపించారు. అప్పటికి రిటైరై, పెళ్ళి చేసుకోని మనిషి కాబట్టి ఆత్మకూరులో తమ్ముడింట్లో ఉంటున్నారు. నన్ను గుర్తుపట్టి, "ఏంది పాపా, నాకు సూది గుచ్చేది నువ్వా? మార్కులు తగ్గించినానని మనసులో ఏం పెట్టుకోలేదు కదా?" అన్నారు. ఆయనే చెయ్యి చాపి పెట్టారు.

కొన్నాళ్ళకి మెషిన్ వెనకాల నీళ్ళ గొట్టం చూసి, ఒక్క మనిషికి ఎన్ని నీళ్ళు పడతాయని అడిగారు. ఒక్కసారికి ఒక డ్రమ్ము దాకా పోతాయని చెప్పాను. పోయేటప్పుడు అన్నారు, "మూతి కడుక్కున్న నీళ్ళు చెట్టుకి పోసే ఇంట్లో పుట్టినాను పాపా. ఇప్పుడు నేను బతకాలంటే వారానికి మూడు డ్రమ్ములు పారబొయ్యాల."

ఆ మాట ఆయన్ని వదిలిపెట్టలేదు. దాని తరవాతే యాత్ర ఆలోచన మొదలైంది.

ఒక బుధవారం గుడ్డసంచిలో ఆ పాత పటం మడిచి తెచ్చారు. కొత్త పటాలు వచ్చాయని బడివాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నారట. ఎడమ చేతికి సూదులుంటే కుడి చేత్తో పటాన్ని దుప్పటి మీద పరిచి, యూరప్ పోతున్నానని చెప్పారు. పక్క బెడ్డు మీద ఉండే ఆటో డ్రైవర్ అన్నకి నవ్వాగలేదు.

"ఏంది సారూ, శుక్రవారం పోయి సోమవారానికి వచ్చేస్తారా?"

"నవ్వబ్బా, నవ్వు. ఆడా మెషిన్లు ఉండాయి."

"కరెంటు పోతే ఆడ జనరేటర్ ఎవురు తిప్పుతారు?"

"నిన్ను తోడుకోని పోతాలే."

నవ్వులాటగా మొదలైంది గాని సారు చాలా పట్టుదలగా ఉన్నారు. వారానికి మూడు డ్రమ్ముల నీళ్ళు మింగేవాడు యాత్రలో కూడా ఊరూరికీ విమానమెక్కి పొగ వదిలితే న్యాయం కాదన్నారు. విమానం పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. మధ్యలో రైళ్ళు, పడవలు, కాళ్ళు. పది దేశాలు చూడాలన్న ఆశ లేదు, ఒక్క నదినే పట్టుకుని పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా పోవాలి. తన కంచం, గ్లాసు తనే మోసుకుపోవాలి. "చూసేదానికి పోయినోడు ఆ ఊరికి బరువు కాకూడదు," అనేవారు.

ఆయన బొటనవేలు మళ్ళీ రైన్ వెంట నడవడం మొదలుపెట్టింది. ఈసారి ప్రతి ఊళ్ళో ఒక డయాలసిస్ బెడ్డు దొరకాలి. ఒక వేలంత దూరం పోవాలి, బెడ్డు ఎక్కాలి, ఒక రోజు తిరిగి చూడాలి, మళ్ళీ ఒక వేలు. రెండు వేళ్ళ దూరం ఆయనకి లేదు. నేను ఫోన్లో ఆ ఊళ్ళ ఆసుపత్రులకి మెయిళ్ళు రాశాను. ముందుగా రిపోర్టులు పంపితే చోటు ఇస్తామని బాసెల్ నుంచి జవాబు వచ్చిన రోజు డ్రైవర్ అన్న కూడా నవ్వలేదు. ఆ జవాబు చదివి వినిపించమని రెండుసార్లు అడిగాడు.

ఎండాకాలంలో వద్దన్నారు సారు. అక్కడా ఎండలు మండిపోతున్నాయట. నీళ్ళు తగ్గి రైన్‌లో పడవలు ఆగిపోయిన ఫోటోలు నా ఫోన్లో చూశారు. నది మధ్యలో రాళ్ళు తేలి ఉన్నాయి. వాటిని పెద్దవి చేసి చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "అది ఎండిపోతా ఉండాది, నేను ఉబ్బిపోతా ఉండాను. ఎవరు ముందో," అన్నారు.

డాక్టరుగారు ఒక షరతు పెట్టారు. శని ఆదివారాల్లో ఇక్కడే ఒక ప్రయాణం చేసి రావాలి. సోమవారం బరువు రెండు కిలోలకి మించి పెరగకూడదు. అట్లా వస్తే యూరప్ పోవచ్చని కాగితం మీద సంతకం పెడతానన్నారు. సారు పరీక్ష రాసే పిల్లవాడిలా తల ఊపారు.

నేను శనివారం సెలవు పెట్టి వెంట వెళ్ళాను. యూరప్‌కి పెట్టుకున్న పద్ధతే ఇక్కడా. కారు లేదు, అన్నీ బస్సులే. ఆయన సంచిలో స్టీలు కంచం, గ్లాసు, రెండు రోజులకి కొలిచి పోసుకున్న చిన్న నీళ్ళ సీసా. ముందు సంగం పోయి బ్యారేజీ మీద నడిచాం. ఎగువన పెన్న నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నాయి. దిగువన ఇసక, దాని మీద పక్షులు. పటంలో అయితే ఇక్కడినుంచి సముద్రం ఒక వేలు కూడా లేదని నేను అంటే ఆయన వినిపించుకోలేదు. ఎగువ వైపే చూస్తూ, "నిలిచిన నీళ్ళు చూస్తే ఇప్పుడు భయమేస్తా ఉండాది పాపా," అన్నారు.

వింజమూరులో బస్సు మారి, సాయంత్రానికి ఉదయగిరి దగ్గర మా పల్లె చేరాం. దోవలో ఎండకి కొండ తెల్లగా పాలిపోయి ఉంది. సారు నాలుక తడుపుకోవడానికి మాత్రమే సీసా ఎత్తేవారు.

ఇంటి ముందు మంచం వాల్చి, అమ్మ చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. సారు ఒక గుక్క గ్లాసులోకి వంపుకుని చెంబు తిరిగి ఇచ్చేశారు. అమ్మ ముఖం మాడిపోయింది. అప్పుడే మందని దొడ్లోకి తోలి వచ్చిన నాయన అది చూశాడు. మా వైపు ఇట్లా ఇచ్చింది తాగకపోవడానికి పాత అర్థం ఒకటుంది.

"ఏంది అయ్యోరా, మా ఇంట్లో తాగరా?" అన్నాడు.

సారు నొచ్చుకోలేదు. పంచె కొంచెం పైకి లాగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి తీశారు. అక్కడ గుంట పడింది. తడి మట్టిలో వేలు దిగినట్టు అట్లాగే ఉండిపోయింది.

"తాగితే ఇట్టా అయితాది. తాగింది బయటికి పోదు నాకు. మీ ఇంటి మజ్జిగని కాదబ్బా, దేవుడిచ్చినా ఒక్క గుక్కే."

నాయన తేలిగ్గా ఊపిరి వదిలి నవ్వాడు. "ఓస్, ఇంతేనా? నాకూ ఉండాదిలే అయ్యోరా ఇది. గొర్ల వెనకాల తిరిగే కాళ్ళకి రాదా ఏంది?" అంటూ కాలు చాపి, తన బొటనవేలితో నొక్కి చూపించాడు.

గుంట పడింది. మేమందరం దాన్ని చూస్తున్నాం. అది పూడలేదు.

నాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. సారు మంచం దిగి, నేల మీద కూచుని, నాయన కాలు తన ఒళ్ళో పెట్టుకున్నారు. అయ్యోరు కాలు పట్టుకోవడమేందని నాయన వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. ఇంకోచోట నొక్కారు. మడమ దగ్గర నొక్కారు. పొద్దునపూట ముఖం ఉబ్బుతుందా అని అడిగారు. నాయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న నొప్పుల బిళ్ళల అట్ట తీసి, రోజూ వేసుకుంటావా అని అడిగారు.

"వేసుకోకపోతే నడవలేను కదా," అన్నాడు నాయన.

మా మండలం నుంచే ఇంతమంది మా బెడ్ల మీదికి ఎందుకు వస్తున్నారో నాకు తెలియదు. బోరు నీళ్ళంటారు, ఎండలో పనంటారు, బిళ్ళలంటారు. నాకు తెలిసినదల్లా, వాళ్ళలో ఎవరూ ముందు రాలేదు. అందరూ ఊపిరి ఆడనప్పుడే వచ్చారు.

"పాపా, సోమవారం మీ నాయన్ని తోడుకోని రా. రక్తం చూపిద్దాం," అన్నారు సారు.

"మందని ఎవురు తోలతారు అయ్యోరా? వానలు పడినాంక చూద్దాంలే," అన్నాడు నాయన.

ఆ సోమవారం సారు బరువు మిషను ఎక్కితే కిలోన్నర లోపే పెరిగి ఉన్నారు. డాక్టరుగారు అక్కడే సంతకం పెట్టారు. డ్రైవర్ అన్న పడుకునే ఉండి ఒక్క చేత్తో మంచం పట్టె మీద దరువు వేశాడు. సారు మాత్రం గుమ్మం వైపు చూసి, "మీ నాయన ఏడి?" అన్నారు.

బుధవారమూ అదే అడిగారు. శుక్రవారమూ అదే. నేను పటం పరిచి, టికెట్లు చూద్దామా సారూ అంటే, "నాయన వచ్చి రక్తం ఇయ్యనీ. ఆ రోజే కొందాం," అన్నారు. పటం మడిచి తలగడ కింద పెట్టుకున్నారు. తిట్టలేదు, బతిమాలలేదు. తన యాత్రని తీసుకెళ్ళి మా నాయన గుమ్మం ముందు కూర్చోబెట్టారు. నేను ఇంటికి పోయినప్పుడల్లా చెప్పేదాన్ని, సారు నీకోసం ఆగి ఉన్నారు నాయనా అని. "పెద్దాయన పొమ్మను. నాకేం కాదు," అనేవాడు. వానలు పడ్డాయి. తరవాత గొర్రెలు ఈనాయి. తరవాత జీవాలకి జబ్బొచ్చింది. సారు పాస్‌పోర్టు వచ్చింది. చలికాలం రాకముందే రమ్మని బాసెల్ వాళ్ళు రాసిన నెల దగ్గరపడి, దాటిపోయింది. ఆయన ముఖం కొంచెం కొంచెంగా బూడిద రంగుకి తిరగడం నేను ప్రతి సోమవారం చూస్తూనే ఉన్నాను.

చివరి శుక్రవారం సూదులు తీసి దూది ఒత్తి పట్టుకున్నప్పుడు, "రెండు వేళ్ళ దూరం పాపా ఈ శని ఆదివారాలు," అన్నారు. అలసటగా అన్నారనుకున్నాను.

ఆయన పోయిన కబురు నాయనకి ఫోన్లో చెప్పాను. మందని పక్కింటివాళ్ళకి అప్పగించి మధ్యాహ్నం బస్సుకి ఆత్మకూరు వచ్చాడు. సారు తమ్ముడింటి ముందు, అందరికంటే వెనకాల, చెప్పులు విడిచి నిలబడ్డాడు. శవాన్ని ఎత్తినాక నా దగ్గరికి వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "పద, తీసుకో రక్తం," అన్నాడు.

రిపోర్టు వచ్చింది. మెషిన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు డాక్టరుగారు. ఇప్పుడే అన్న మాటని ఆయన కొంచెం ఒత్తి పలికారు. బిళ్ళలు మానిపించాం, ఉప్పు తగ్గించాం, మధ్యాహ్నం ఎండలో మందని తిప్పడం మానిపించాం. సారు లేకపోతే ఈ మూడు పనులు కూడా మిగిలేవి కావు. ఆ పటాన్ని సారు తమ్ముడు నాకే ఇచ్చాడు. రైన్ పొడుగునా ఆయన వేలు పడిన చోటల్లా రంగు పోయి, కాగితం మెత్తబడి ఉంది.

ఆదివారం సాయంత్రాలు నేను మా పల్లెలో ఉంటాను. నాయన మంచం మీద కాళ్ళు చాపి కూచుంటాడు. నేను బొటనవేలితో ఎముక మీద నొక్కి, వేలు తీసి, చూస్తాను. మా క్లాసు సంగతులన్నీ ఎన్నోసార్లు విన్నవాడు కాబట్టి, నన్ను నవ్వించడానికి, "ఏ ఊరొచ్చిందమ్మే?" అని అడుగుతాడు. దొడ్లో గొర్రెపిల్లలు అరుస్తుంటాయి. గుంట అట్లాగే ఉంటుంది. అది పూడేదాకా కళ్ళు తిప్పకుండా చూస్తూ కూచుంటాను.