అట్టమీద నగ ఉన్న పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంటికి వారం వారం పుస్తకాలు వచ్చేవి. తెప్పించేది మా అవ్వ. ఆమెకేమో అక్షరం ముక్క రాదు. పలమనేరు బస్టాండు పక్క సందులో పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి ఒకటి ఉండేది. ఒంటిపూట బడి వదలగానే అక్కడికి పోయి, పాత పుస్తకం ఇచ్చేసి కొత్తది తేవడం నా పని. పేరు చూసి ఎంచుకోవడం, రాసినవారెవరో కనుక్కోవడం మాకు అలవాటు లేదు. అవ్వ నాకు చెప్పి పంపే గుర్తు ఒక్కటే. అట్టమీద నగ బొమ్మ ఉండాలి.

“నగ ఉంటే కొట్లాట ఉంటాది. కొట్లాట ఉంటే కత ఉంటాది. నగ లేని పుస్తకం మనకేంటికి మే?” అనేది. అందువల్ల ఆ ఎండాకాలమంతా మా ఇంటికొచ్చిన పుస్తకాలకు నగ తప్ప వేరే చుట్టరికం ఏమీ లేదు. వజ్రాలహారం పోయి, దాన్ని వెతికే నవల ఒకటి వచ్చింది. ముత్యాలసరం తెగిన రోజే మనసులూ తెగిపోయిన ఒక జంట కథ వచ్చింది. ఏ నక్షత్రంలో పుట్టినవారు ఏ రాయి ఉంగరం పెట్టుకోవాలో చెప్పే జాతకాల పుస్తకం వచ్చింది. సముద్రంలో ముత్యం ఎలా పుడుతుందో చెప్పే సన్నటి పుస్తకం కూడా, అట్టమీద ముత్యం మెరుస్తున్న పాపానికి, నా చేతిలో పడి మా ఇంటికి వచ్చేసింది. అంగడి తాత నన్ను దూరం నుంచి చూసే “వచ్చినాదప్పా నగల కంపెనీ” అని నవ్వేవాడు.

అవి చింతపండు రోజులు. కాయల పెంకు తీసి ఎండబెట్టాక, మధ్యాహ్నం పూట మా ఇంటి తిన్నెమీద కుప్పపోసుకుని ఆడవాళ్ళు గింజ తీసేవారు. ఒక్కొక్కరి ముందు ఒక రాయి, చేతిలో చిన్న సుత్తి. కుప్ప చుట్టూ కూర్చునేది మా అవ్వ, మా అత్త, ఇంటింటికీ పాలు పోసే పాలామె, ఎదురింటి పెద్దమ్మ. అత్త అంటే మా నాయనకు చెల్లెలు. పుస్తకం చదివేది పక్కింటి అక్క. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది, గొంతు బాగుంటుంది, అందుకని ఆమెకు సుత్తి ఇచ్చేవారు కాదు. ఆ టకటకల మధ్య గొంతు పెంచి చదివేది. చప్పుడు పలచబడిందంటే కథ పట్టిందని లెక్క. చప్పుడు ఎక్కువైందంటే అక్క నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసేది.

పుస్తకం అయిపోయిన రోజున అవ్వ ఆకూవక్కా తట్ట ముందుకు లాక్కునేది. వెంటనే పంచేది కాదు. విన్నవాళ్ళంతా పుస్తకం ఎట్లుందో ఒక మాట చెప్పాలి. మాట చెప్పినవాళ్ళకే తమలపాకు. విన్న కథ ఊరికే కడుపులో పెట్టుకుంటే అరగదని మా అవ్వ నమ్మకం.

ఆ అభిప్రాయాలు నాకు ఇప్పటికీ గుర్తే. వజ్రాలహారం నవల పాలామెకు నచ్చలేదు. ఒక దొంగను పట్టేదానికి అంత లావు పుస్తకమా, మా వీధిలో అయితే కుక్కే పట్టిచ్చుండును కదా అంది. ముత్యాల జంట కథ ఎదురింటి పెద్దమ్మకు ఒళ్ళు మండించింది. సరం తెగితే దారం మార్చల్ల గానీ మనిషిని మారుస్తారా అని ఆ రాసినాయన్ని తిట్టిపోసింది. జాతకాల పుస్తకం మాత్రం అందరికీ నచ్చింది. “ఆయన తెలివైనోడు. అందరికీ తలా ఒక రాయి పంచినాడు, కొనిచ్చే బాధ మొగుళ్ళకి పెట్టినాడు” అని అవ్వ తీర్పు చెప్పింది. ముత్యం పుట్టుక విన్న రోజున పాలామె సుత్తి పక్కన పెట్టేసింది. ఆ పురుగు కడుపులో నొప్పి మన మెడలో నగ అయిందా, దూడను కట్టేసి పాలు పిండేదాన్ని నాకు తెలీదా ఆ పాపం అంది. పుస్తకం గురించి చెప్పమంటే వీళ్ళు తమ ఆవుల గురించీ, మొగుళ్ళ గురించీ చెబుతారేమిటా అని నేను నవ్వుకునేదాన్ని.

అత్త మాత్రం ఎప్పుడూ మాట చెప్పేది కాదు. ఆమెను ఎవరూ అడిగేవారు కూడా కాదు. అత్త కాపురానికి పోయిన కొద్దికాలానికే మామ జ్వరంతో పోయాడు. అత్త పుట్టింటికి వచ్చేసింది. అప్పటి ఆచారం ప్రకారం ఆమె బొట్టూ గాజులతోపాటు ఎర్రరాళ్ళ కమ్మలు కూడా తీసేశారు. కమ్మలు తీసింది మా అవ్వే. ఏడుస్తూనే తీసి, గుడ్డలో మూటగట్టి, చెక్కపెట్టెలో పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుంది. చిన్నబిడ్డ, కమ్మలన్నా పెట్టుకోనీమా అని మా నాయన ఒకసారి బతిమాలాడు. “నాకు మాత్రం కడుపు కాలదా నాయనా? నలుగురేమంటారో” అంది అవ్వ. ఆ నలుగురి పేరు వచ్చేసరికి నాయన కూడా నోరు మూసుకున్నాడు. ఆ నలుగురూ ఎవరో నాకు తెలియదు. ఊళ్ళో ఎక్కడో ఒకే ఇంట్లో ఉంటారనీ, మహా కోపిష్టివాళ్ళనీ అనుకునేదాన్ని.

ఒకరోజు అత్త నాకు తలదువ్వి జడ వేస్తుంటే, పక్కకు తిరిగి ఆమె చెవులు చూశాను. రెండు చెవుల్లోనూ చిన్న చీపురుపుల్ల ముక్కలున్నాయి. కొత్తగా చెవులు కుట్టించిన పిల్లలకు కన్నం పూడిపోకుండా పెడతారే, అట్లాంటివి. ఏంటికత్తా అవి అని అడిగితే “ఊరికే” అని కొంగు చెవులమీదికి లాక్కుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, నేను పోయి పక్కింటి అక్కకు చెప్పేశాను. అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఈ వారం అట్టమీద కమ్మలుండే పుస్తకం యాడైనా దొరుకుతుందేమో చూడమంది.

దొరికింది. అట్టమీద పెద్ద కమ్మల జత, వాటి వెనక తుపాకీ పట్టుకున్న మనిషి. ఒక బంగళాలో కమ్మలు పోతాయి, ఇనస్పెక్టరు ఒకాయన వాటి వెంట పడతాడు. చదవడం మొదలుపెట్టి మూడునాళ్ళయిన ఆ మధ్యాహ్నం నేను అక్క వెనకాల కూర్చుని ఆమె భుజం మీదుగా అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. ఉన్నట్టుండి అక్క గొంతులో ఆ బంగళాలో ఒక చిన్నది పుట్టుకొచ్చింది. మొగుడు పోయి పుట్టింట్లో ఉంటోందట. ఆమె కమ్మలు తల్లి పెట్టెలో ఉన్నాయట. నలుగురేమంటారోనని తల్లి పెట్టె తెరవదట. ఆ చిన్నది ఎవరికీ కనపడకుండా చెవుల్లో చీపురుపుల్లలు పెట్టుకుని, కన్నాలు పూడిపోకుండా కాచుకుంటోందట. నేను పేజీలోకి చూస్తే అక్కడ జీపు, వాన, ఇనస్పెక్టరు తప్ప ఆడమనిషి జాడే లేదు. పైగా అక్క పేజీ తిప్పడం కూడా మానేసింది.

“అక్కా, ఆడ అట్ల లే...” అనేలోపలే అక్క చెయ్యి చాపి, గింజ తీసిన చింతపండు ముద్దొకటి నా నోట్లో కుక్కింది. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళు మూతబడ్డాయి. నేను తేరుకునేసరికి కథ చాలా దూరం పోయింది.

సుత్తుల చప్పుడు ఒకటొకటిగా ఆగిపోయింది. అత్త సుత్తి ఒక్కటే ఆగలేదు. తల ఎత్తకుండా, ఎప్పుడో ఊడివచ్చిన గింజనే కొడుతూ ఉంది. కథలో తల్లి తాళంచెవి చేతిలో పట్టుకుని పెట్టె ముందు నిలబడ్డచోటికి వచ్చి అక్క పుస్తకం మూసేసింది.

“చివరి కాగితాలు చినిగిపోయినాయి అవ్వా. అద్దె పుస్తకాలతో ఇదే తంటా. ఆయమ్మ పెట్టె తెరిచినాదో లేదో ఈసారి మీరే చెప్పల్ల.”

పాలామె ముందుగా అందుకుంది. “తెరవకుండా ఏం చేస్తాది? దూడ సచ్చిపోయిందని ఆవు మెళ్ళో గంట తీసేస్తామా?”

తర్వాత ఎదురింటి పెద్దమ్మ వంతు. మడీ ఆచారం విషయంలో ఆమెకు వీధి వీధంతా భయపడేది. ఆమె మెల్లగా మొదలుపెట్టింది. “ఆ తల్లి ఊరికే నలుగురూ నలుగురూ అంటాదే, ఆ నలుగుర్లో ఒకరన్నా వచ్చి బిడ్డ కమ్మలు తియ్యమని చెప్పినారా? ఒకమాట అడక్కుండానే మనమీద పెట్టేస్తే ఎట్ల?” మనమీద అనేశాక ఆమెకే ఎట్లానో అయినట్టుంది, గబగబా చింతపండు ముందుకు లాక్కుంది.

ఇక మిగిలింది మా అవ్వ. మాట చెప్పందే ఆకులేదని నియమం పెట్టిందే ఆమె, తప్పించుకునేదానికి లేదు. కథలో తల్లిమీద కోపం కూడా బాగా వచ్చినట్టుంది. “ఆ ముసిల్దానికి కండ్లు లేవు. కన్నబిడ్డ చెవుల్లో పుల్లలు పెట్టుకోని కండ్లముందర తిరగతా ఉంటే సూడలేనిది అదేం తల్లి...” అంటూ ఆగిపోయింది. ఎండకు అత్త కొంగు భుజంమీదికి జారి ఉంది. అవ్వ చూపు ఆ చెవిమీద నిలబడిపోయింది. నా నోట్లో చింతపండు ఇంకా ఉంది, మింగడానికి కూడా భయమేసింది.

ఆ ఎండాకాలంలో మొదటిసారి అవ్వ అత్తను అడిగింది. “నీ మాటేంది మే?”

అత్త సుత్తి ఆగింది. ఆమె రాయివంకే చూస్తూ, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా చెప్పింది. “ఆ బిడ్డకి కమ్మలంటే శానా ఇష్టంమా.”

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. పెట్టె మూత కిర్రుమనడం బయటికి వినిపించింది. గుడ్డమూట తెచ్చి, అందరూ చూస్తుండగానే అత్త ముందర కూలబడి, పుల్లలు తనే తీసింది. కమ్మలు పెడితే అడ్డం లేకుండా దిగాయి. కన్నాలు పూడిపోలేదు కదా. అంత సులువుగా దిగడం చూసేసరికి అవ్వకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ కాచుకున్నావా బిడ్డా అని అత్త తల గుండెకు పొదువుకుని పెద్దగా ఏడ్చింది. అత్తా ఏడ్చింది. పాలామె ఏడుస్తూనే నవ్వింది. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. అత్త గడ్డం పట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూసి, ఎడమ కమ్మ శీల ఇంకా బిగించల్ల అంది. తర్వాత అవ్వ తట్ట దగ్గరికి లాక్కుని, లేత ఆకు ఏరి, ఈనె తీసి, సున్నం రాసి, మొదటి ఆకు అత్తకు ఇచ్చింది.

ఆ నలుగురూ ఎవరో నాకు ఆరోజు తెలిసింది. వాళ్ళు ఊళ్ళో ఎక్కడో లేరు. రోజూ మా తిన్నెమీదే కూర్చుని మాతోపాటు చింతపండు గింజలు తీస్తున్నారు. వాళ్ళను ఎవరైనా నేరుగా అడిగి ఉంటే ఆచారమనో, మనకెందుకనో తప్పుకునేవారేమో. కథలో చిన్నదాని గురించి అడిగేసరికి మనసులో ఉన్న మాట దాచుకోలేకపోయారు. పక్కింటి అక్కకు పెళ్ళయినా కాని వయసులో అంత ఉపాయం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరునాడు పుస్తకం తిరిగిచ్చేందుకు బయల్దేరుతుంటే అవ్వ దాన్ని ఒకసారి అడిగి తీసుకుంది. వెనకనుంచి తెరిచి, చివరి కాగితాలను బొటనవేలితో నెమ్మదిగా తిప్పింది. ఒక్కటీ చినగలేదు. చదువు రానివాళ్ళకైనా అది తెలుస్తుంది. అవ్వ పుస్తకం మూసి, అట్టను కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. “జాగర్తగా ఇచ్చిరా పో. మంచి పుస్తకం” అంది. దారిలో అక్క వాకిట్లో ఎదురైతే నేను ఉండబట్టలేక, అందులో ఆ చిన్నది లేదు కదక్కా, అబద్ధం చదివినావు కదా అని నిలదీశాను. సదివేటోళ్ళు కూరలో ఉప్పు మాదిరి రవ్వంత కలుపుకోవచ్చులే అంది. ఎవరికైనా చెప్పినావంటే ఈసారి నోట్లో పెట్టేది చింతపండు కాదు, పచ్చిమిరక్కాయ అని కూడా అంది. వాళ్ళెవరూ లేని ఈ వయసుకు వచ్చాక ఇప్పుడే చెబుతున్నాను.

అత్త ఆ కమ్మలు చివరిదాకా తీయలేదు. ఆ మరుసటి వారం నుంచి ఏ పుస్తకానికైనా అందరికంటే పొడుగు అభిప్రాయం ఆమెదే. రాజుగారి కిరీటంలో కెంపు మాట్లాడే పిల్లల కథకు ఆమె చెప్పిన తప్పులు వినీ వినీ పాలామె సాయంత్రం పాలకు ఆలస్యమై పరుగెత్తింది.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉంటున్నాను. మా అపార్టుమెంటు కింద ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళం కొందరం చేరి, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. నా మనవరాలు ఫోనులో ఇంకెక్కడెక్కడివారో రాసిన అభిప్రాయాలు కూడా చదివి వినిపిస్తుంది. ఒకే పుస్తకాన్ని ఒకామె నెత్తిన పెట్టుకుంటుంది, ఒకామె నేలకేసి కొడుతుంది. ఎవరు కరెక్టు అవ్వా అని మనవరాలు అడిగితే నాకు నవ్వొస్తుంది. పుస్తకం సంగతి సరే, ఆ మనిషి ఎవరి గురించి చెబుతోందో విను అంటాను. నేను ఆకూవక్క తట్ట పట్టుకుపోతానని అందరూ వేళాకోళం చేస్తారు. చేయనీ. బాగా మాట్లాడేవాళ్ళు ఎట్లాగూ మాట్లాడతారు. అందరి మాటా అయిపోయాక, ఏ మూలనో నవ్వుతూ కూర్చుని నాకేం తెలుసులెండి అనే మనిషి ఒకామె ప్రతిసారీ ఉంటుంది. నా కళ్ళు ముందుగా ఆమె చెవులమీదికే పోతాయి. లేత ఆకు ఒకటి ఏరి, ఈనె తీసి, సున్నం రాసి చేతిలో పట్టుకుని అడుగుతాను.

“నీ మాటేందమ్మా?”