ఎండలో వేసిన పీట

మా చిన్నప్పుడు... నైజాం వైపు నుంచి జనం గొడవలకి భయపడి మూటలు నెత్తిన పెట్టుకుని మా జగ్గయ్యపేటకి తరలివస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం మా మేనత్త రత్నమ్మ, కొంగు ముఖం మీదికి లాక్కుని, నందిగామ అత్తవారింటి నుంచి ఒక్కతే వచ్చింది.

కొంగు తీస్తే... రెండు బుగ్గలకీ, ముక్కు మీదా ఎర్రచందనం అరగదీసి పూసినట్టుంది.

"పెద్దరోగమేమో చూసుకోండి, ముఖం మామూలైతేనే పంపండి" అన్నారట వాళ్లు. కుష్ఠు అనే మాట పైకి అనేవారు కాదు అప్పట్లో.

"ఇక నాకు కుంకం ఖర్చు లేదు వదినా" అని మా అమ్మతో నవ్వబోయింది అత్తయ్య. అమ్మ నవ్వలేదు.

నాయనమ్మ ఆవిడని కళ్లు మూసుకోమని, వెలిగించని దీపం వత్తి కొసతో బుగ్గని తాకింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందమ్మా... చక్కిలిగింత కూడా పెడుతోంది."

నాయనమ్మ ఊపిరి పీల్చుకుంది. స్పర్శ ఉంది, పెద్దరోగం కాదు. పొక్కుల్లేవు కాబట్టి అమ్మవారూ కాదు. తామరైతే దురద ఉండాలి. పాములా పాకే సర్పి ఒక పక్కనే వస్తుందంటారు, ఇది రెండు పక్కలా ఉంది. మరి ఏమిటి?

"సూర్యభగవానుడి ఆగ్రహం" అని తేల్చింది నాయనమ్మ. చర్మానికి ఆయనే వైద్యుడని మా ఇంట్లో నమ్మకం. నలభై రోజులు చప్పిడి తిండి... మిట్టమధ్యాహ్నం దొడ్లో ఆయనకి ఎదురుగా జపం. పీట వేసే పని నాది.

అత్తయ్యకి వేళ్ల కణుపుల్లో నొప్పులు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. అవెవరూ పట్టించుకోలేదు. అందరూ ముఖాన్నే చూశారు.

జపం అయి లేచేసరికి బుగ్గలు కందిపోయేవి. "ఎక్కువవుతోంది నాయనమ్మా" అన్నాను.

"లోపలిది బయటికొస్తోంది, మంచిదే. నువ్వు నోరు ముయ్యి."

ఒకరోజు అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "మండిపోతోందే బుజ్జీ... పీట కాస్త వసారా నీడకి జరపవూ? అమ్మకి చెప్పకు."

"నియమం తప్పితే మామయ్య తీసికెళ్లడు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మళ్లీ అడగలేదు.

నలభై రోజులూ నిండాయి. అత్తయ్యకి కాళ్లు వాచాయి, ఆయాసం పట్టుకుంది. మామయ్య వచ్చేసరికి అత్తయ్య లేదు...

ఇన్నేళ్లకి మా చెల్లెలి మనవరాలికి అచ్చం అలాగే వస్తే బెజవాడ తీసికెళ్లాం. డాక్టరమ్మ ముఖం చూడగానే అడిగింది, "ఎండలోకి వెళ్తే ఎక్కువవుతోందా? కీళ్ల నొప్పులున్నాయా?" అని. రక్తపరీక్ష చేయించి లూపస్ అంది... ఒంటిని కాపాడే బలమే ఒంటిమీద తిరగబడే జబ్బట, ముదిరితే మూత్రపిండాలకీ పాకుతుందట. "మందులు వాడాలి, ఎండ తగలకూడదు" అంది. ఆ పిల్ల ఇప్పుడు గొడుగేసుకుని కాలేజీకి వెళ్తోంది.

నేనిప్పటికీ రోజూ సూర్యుడికి అర్ఘ్యం ఇస్తాను. ఆయన తప్పేముంది... అత్తయ్యని ఇంకేం బాధలున్నాయని అడిగినవాళ్లు లేరు, ఆవిడే అడిగితే విన్నవాళ్లం కాదు.

రోగమేమిటో తెలియకుండానే వెళ్లిపోయినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటే, వాళ్ల పేరొకటి ఇక్కడ రాయండి. మా అత్తయ్య పేరు రత్నమ్మ.

వసారా నీడ ఆ పీటకి మూడడుగుల దూరంలోనే ఉండేది.