ఆరోగ్యమ్మ టీచరు చందా

చిత్తూరు చర్చిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఆరోగ్యమ్మ టీచరు ఏ కతోలిక పత్రికకూ ఊరికే చందా కట్టదు. ఒక సంచిక తెప్పించుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ఎర్ర పెన్సిలుతో తప్పులు గీసి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం అచ్చేసిన పత్రికనే నమ్ముతుంది. "తప్పు ఒప్పుకోనోళ్లు నాకేం సత్యం సెప్తారు?" అని విసుక్కుంటుంది. రెండేళ్లలో ఐదు పత్రికలకు రాసింది, ఒక్కటీ పలకలేదు. పోయిన నెల ఆరోదానిలో ఆమె పేరు కనబడింది. ఆత్రంగా చదివితే, పునీతుల పండుగల తేదీలు తప్పుగా పడ్డాయని రాసిన పదకొండు వాక్యాలూ ఎగిరిపోయి, మర్యాదకు రాసిన మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది: "మీ పత్రిక చక్కగా ఉంది." ఆదివారం పూజ అవగానే పక్కవీధి నిర్మలమ్మ ఎదురొచ్చి, సంబరంగా చెయ్యి పట్టుకుంది.

"మీరే బాగుండాదని రాసినాక ఇంకేం సూడాల టీచరమ్మా? మా వీధిలో నలుగురం చందా కట్టేసినాం."