మగ్గం గుంటలో ఫిలిం చుట్ట

మా బావ నరహరి ముప్పై ఎనిమిదేళ్లు చీకట్లో ఉద్యోగం చేశాడు. బామ్మర్దిని కాబట్టి వేళాకోళం ఆడుతున్నాననుకోకండి, ఉన్న మాటే. విమానంలోంచి నేలను ఫోటోలు తీసే ఒక ఆఫీసు హైదరాబాదులో ఉండేది. అక్కడ ఫిలిం కడగడం ఆయన పని. ఫోటోలు కడిగే గదిలో ఎర్ర బల్బు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆ నలుపు తెలుపు ఫిలింకు ఎరుపు కూడా పడదట. తలుపు వేశాక కళ్లున్నా లేనట్టే. జానెడు వెడల్పు, యాభై బారల పొడవుండే ఫిలింను మందు తొట్టిలో ఒక చుట్ట మీది నుంచి ఇంకో చుట్ట మీదికి తిప్పుతూ, ఎన్నిసార్లు తిప్పాడో లెక్క తప్పకుండా నిలబడాలి.

"నూలు కండెలు సుట్టే సాలోళ్ల ఇంట్ల పుట్టినవ్, నీకు గిదేం కొత్త బావా" అనేవాణ్ణి. నవ్వేవాడు. మందులకు ఆయన గోళ్లు ఎప్పుడూ పాతబడ్డ గోరింటాకు రంగులో ఉండేవి.

మాది కృష్ణ ఒడ్డున ఊరు. శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయింది. నీళ్లు రావడానికి రెండేళ్ల ముందు మా అక్క ఆండాళు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజు పొద్దున చూస్తే పిల్లలో ప్రాణం లేదు. ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. తొట్టెలలో వేసేనాటికి వద్దామనుకున్న బావ బిడ్డ ముఖం చూడనే లేదు. పసిగుడ్డు కదా, వాగొడ్డున చింతచెట్టు కింద పూడ్చారు. తర్వాత ఊరు, వాగు, చింత అన్నీ మునిగాయి. మేం కొల్లాపూర్ వచ్చి మగ్గాలు వేసుకున్నాం. అక్క కడుపు మళ్లీ పండలేదు.

ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడల్లా అక్క హైదరాబాదు నుంచి వచ్చి ఒడ్డున తిరిగేది. అంతా ఒండ్రు. చింత ఏ మూలన ఉండేదో పోల్చుకోలేకపోయేది. "ఒక్కపారి ఆ జాగ కండ్ల సూస్తే సాలు తమ్మీ" అనేది. ఆమె కోరింది అంతే.

తెలంగాణ వచ్చిన ఏడే బావ రిటైరయ్యాడు. ఇద్దరూ మా వీధిలోనే రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. వస్తూ వస్తూ బావ ఒక గుండ్రటి డబ్బా తెచ్చాడు. ఆఫీసులో పనికిరాని పాత చుట్టలు పారేస్తుంటే పెద్దసారును అడిగి తెచ్చుకున్నాడట. నీళ్లు రాకముందు మా ఊరి మీదుగా విమానం పోయినప్పటి ఫిలిం. తన చేతులతోనే కడిగాడు. ఒక మూల మబ్బు అడ్డం వచ్చిందని దాన్ని పక్కన పడేశారు. మళ్లీ తీసేనాటికి ఊరు లేదు.

"ఇన్నేండ్లు నాకెందుకు జెప్పలే?" అంది అక్క.

"బయట జెప్పనని సంతకం వెట్టిన ఆండాళూ."

నాకు ఒళ్లు మండింది. పెళ్లాం బయటిదా?

డబ్బాను వెంటనే తెరవనిచ్చాడా, అదీ లేదు. చల్లటి గదిలోంచి తెచ్చిన దాన్ని ఉన్నపళంగా తీస్తే లోపల చెమట పడుతుందని పూటంతా మూత ముట్టనివ్వలేదు. "కొత్త పెండ్లికూతురా ఏంది బావా, ముసుగు తీయనియ్యవు!" అన్నాను. చివరికి కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. ఊరు గోరంత ఉంది. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా ఉంది.

అక్క మొహం తిప్పుకుంది. "గిది మా ఊరు గాదు. చింత నీడ తెల్లగుంటదా?"

"కాగితం మీద పెద్దగ తీసిస్త. అప్పుడు నల్లగైతది. వాగు, చెట్టు, అన్ని కనవడ్తయ్."

సెల్లుతో ఒక ఫోటో కొట్టుకుంటే పోయేది కదా అని ఇప్పుడు ప్రతి తెలివైనవాడూ అడుగుతాడు. మాకు తట్టలేదు. ఫోటో కాగితం కొల్లాపూర్‌లో ఎక్కడ దొరుకుతుంది? బావ హైదరాబాదు పోయి తెస్తానన్నాడు. ఆ పోవడం పోవడం పక్షవాతంతో దవాఖానలో పడ్డాడు. అక్క కూడా అక్కడే ఉండిపోయింది. వేసవి మొదలవుతుండగా బావ ఫోన్ చేయించాడు.

"దయాకర్, డబ్బ రేకుల కింద ఉంచకు. వేడికి కరాబైతది. చల్లగ ఉండాలె. నువ్వే జర మంచిగ సూడు."

చల్లగా ఉంచడం సాలోళ్లకు ఒకరు నేర్పాలా? మా ఇంట్లో, నేసేటప్పుడు కాళ్లు దింపుకుని కూర్చునే మగ్గం గుంటను మించిన చల్లటి చోటు లేదు. పడుగు పోగులు తెగకుండా దాంట్లో పొద్దూమాపూ నీళ్లు చల్లుతాం. పట్టు అక్కడే దాస్తాం. డబ్బాలో బిగించి పెడితే నూలు పెళుసవుతుంది, ఇదీ అంతేనేమో అని ఫిలింను బయటికి తీసి, తడిపి పిండిన పాత ధోవతిలో చుట్టి, గుంట గోడలోని గూట్లో పెట్టాను. గుడ్డ ఆరినప్పుడల్లా తడిపాను. రెండు నెలలు ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

బావ ఫోటో కాగితం, కడిగే మందులు పట్టుకుని వచ్చాడు. ఎడమ చేయి సరిగా లేవడం లేదు. నేను గొప్పగా మూట తీసి ఇచ్చాను. ధోవతి విప్పితే బూజు వాసన కొట్టింది. చుట్టంతా బెల్లం దిమ్మలా ఒకటే ముద్ద. బావ తొట్టిలో నీళ్లు పోయమన్నాడు. అందులో నానబెట్టి, కళ్లు మూసుకుని, గోటితో ఒక్కొక్క పొర విడదీశాడు. ఫిలిం అద్దంలా తెల్లగా వచ్చింది. బొమ్మంతా నల్లటి జిగురై ఆయన వేళ్లకు అంటుకుంది.

"తప్పు నాదే" అన్నాడు. "చల్లగ అన్న గాని పొడిగ అనలే. ఆఫీసుల ఆ సంగతి మిషినే సూసుకునేది."

నన్ను కాపాడటానికి అన్నాడు. నేను గుంట అంచున కూలబడి ఏడ్చాను. అరవైకి దగ్గరపడుతున్నవాణ్ణి, సిగ్గు కూడా వేయలేదు. ఊరు రెండోసారి మునిగింది, ఈసారి ముంచింది నేను.

అక్క వచ్చి నా తల మీద చేయి పెట్టింది. 

"ఏడ్వకు తమ్మీ. నువ్వు మంచిగుండాలెననే పెట్టినవ్. నేను గూడ గంతే. బిడ్డకు చలి వెడ్తదని నిప్పుల కుంపటి మంచం కిందికి జరిపిన. కిటికీ మూసిన. తెల్లారి సూస్తే పొగకు నాకే కండ్లు తిరుగుతున్నయ్. ఎవ్వలకు జెప్పలే. మీ బావకు గూడ."

బావ తలెత్తి ఆమెను చూశాడు. ముప్పై అయిదేళ్లు ఒకే ఇంట్లో ఇద్దరూ చెరొకటి దాచుకున్నారు.

ఆ పూట బావ ఆ నల్లటి జిగురు చేతులు కడుక్కోలేదు. అక్క కడుక్కోమనలేదు. అన్నం ఆమే కలిపి తినిపించింది.