మేం ముగ్గురం ఒక ఇల్లైన తీరు

ఆ రోజు పొద్దున నేను అంగన్‌వాడీ తాళం తీసేసరికి మా ఆయమ్మ ఇంకా రాలేదు. ఎప్పుడూ నాకంటే ముందే వచ్చి వాకిలి ఊడ్చి, గిన్నెలు కడిగి పెట్టుకునే మనిషి. వానాకాలం కావడంతో మా ఊరు కనకమామిడిలో దారులన్నీ బురదగా ఉన్నాయి. ఎక్కడైనా జారి పడిందేమోనని ఫోన్ చేశాను.

"టీచరమ్మా, జర నువ్వు ఫామ్‌హౌసుల దిక్కు రా. ఈడ ఒక పోరి ఉన్నది. ఎంత పిలిచినా వస్తలేదు" అంది.

మా ఊరి పొలాలు ఇప్పుడు చాలావరకు ప్రహరీ గోడల వెనక ఉన్నాయి. కొన్నవాళ్లు పట్నంలో ఉంటారు, సెలవు రోజుల్లో కార్లలో వచ్చి పోతారు. మిగిలిన రోజుల్లో అక్కడ ఉండేది కాపలా వాళ్లే. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి, గేటు పక్కన ఒక గదిలో కాపురం పెట్టి, కొన్నాళ్లకు ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోతుంటారు.

ఆయమ్మ చెప్పిన గేటు ముందు ఐదేళ్ల పిల్ల ఒకతె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గౌను తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్కన ప్లాస్టిక్ సంచిలో రెండు జతల బట్టలు, సగం తిన్న బిస్కెట్ పొట్లం ఉన్నాయి. గేటుకు తాళం వేసి ఉంది. పక్క తోటలో పనిచేసే ఆమె గోడ మీంచి చెప్పింది: "నిన్న పగటీలి పోయిండ్రు కాపలాకున్న ఇద్దరు, బ్యాగులు పట్టుకొని. ఆయన ఈ పిల్లకు తండ్రి కాదట. రోజు ఆ పంచాయితే. పిల్లను ఈడ కూసోవెట్టి, ఏందో చెప్పి పోయింది తల్లి. మళ్ల వస్తదనుకున్నం. మాపటీలి మా ఇంట్ల పండుకొమ్మంటే రాలే, ఏడ్చుకుంట ఈడ్నే ఉన్నది."

ఆ తల్లిని నేను ఒకసారి చూశాను. పిల్లల్ని కేంద్రానికి పంపమని ఇల్లిల్లూ తిరుగుతూ ఆ గేటు దాకా వెళ్లినప్పుడు బయటికొచ్చింది. బక్కపలచని మనిషి, ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. నా మాట అర్థమైందో లేదో గాని, నవ్వి తలూపింది. పిల్ల ఆమె కాళ్ల వెనక నుంచి నన్ను తొంగి చూసింది. ఆ తల్లిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ నవ్వే గుర్తొస్తుంది. జనం ఆమెను తిట్టినప్పుడు నేను గొంతు కలపలేకపోయాను.

ఆయమ్మ బురదలోనే పిల్ల పక్కన కూర్చుంది. కొంగుతో దాని తల తుడిచింది. "పోదాం పా బిడ్డా, పాలు తాగుదువు" అని చెయ్యి పట్టుకుంటే పిల్ల విదిలించుకుని, "మా ఆసిబొ" అంది. మాకు ఆ భాష రాదు. అయినా అర్థమైంది. అమ్మ వస్తుందంటోంది.

పోలీసులకు ఫోన్ చేశాను. సర్కారు కేంద్రంలో పనిచేసే మనిషిని, చెయ్యాల్సిన పని అదే. ఫామ్‌హౌస్ యజమానికి కూడా వాళ్లే ఫోన్ చేశారు. తనకేమీ తెలియదని, వాళ్లు చెప్పకుండా వెళ్లారని ఆయన అన్నాడట. సాయంత్రానికి పిల్లల సంక్షేమం చూసేవాళ్లు కారులో వచ్చారు. అప్పటికి పిల్ల మా కేంద్రంలో పాలు తాగి, పొడి బట్టలు కట్టుకుని, ఆయమ్మ ఒడిలో కూర్చుని ఉంది. కారెక్కించేటప్పుడు మాత్రం ఆయమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. కారు మలుపు తిరిగేదాకా ఆయమ్మ దారిలోనే నిలబడి చూసింది. తర్వాత, "మనమెందుకు ఇచ్చినం టీచరమ్మా?" అంది.

మా ఇద్దరి సంగతీ ఇక్కడ చెప్పాలి. నాకు పెళ్లై, పిల్లలు పుట్టక, ఆ ఇంట్లో మాటలు పడలేక తిరిగొచ్చాను. చేవెళ్ల కోర్టులో విడాకులు తేలేదాకా అన్న నా వెంట తిరిగాడు. అది నేను మరిచిపోను. తర్వాత అన్న ఇంట్లోనే ముందు గదిలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆయమ్మ నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క బిడ్డ పదో తరగతి చదువుతుండగా డెంగీ జ్వరంతో పోయింది. ఆ బిడ్డ సంగతి ఆమె నా దగ్గర ఎత్తింది రెండు మూడుసార్లే. ఏళ్ల తరబడి ఒకే పొయ్యి దగ్గర పప్పు వండుతూ, ఒకే గదిలో పిల్లల ముక్కులు తుడుస్తూ ఉన్నా, నేను ఆమెకు టీచరమ్మనే, ఆమె నాకు ఆయమ్మే.

పిల్లను పట్నంలో ఒక వసతి గృహంలో ఉంచారు. చూడటానికి వచ్చే ఆదివారం వెళ్దామని ఆయమ్మే అంది. మొయినాబాద్‌లో బస్సెక్కి వెళ్లాం. మా తోట జామపండ్లు పట్టుకెళ్లాం. వసతి గృహంలో పిల్ల మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. పండు చేతిలో పెడితే కింద పెట్టేసింది. ఆయమ్మ నొచ్చుకోలేదు. "కోపం ఉండదా మరి? మళ్ల వస్తం" అంది. మళ్లీ వెళ్లాం, వెళ్తూనే ఉన్నాం. కొన్నాళ్లకు పిల్ల పండు తీసుకుంది. ఇంకొన్నాళ్లకు, మేం వచ్చేసే వేళ గేటు దాకా వెంట రావడం మొదలుపెట్టింది. అదింకా కష్టమైంది. తిరుగు ప్రయాణంలో బస్సులో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

అధికారులు పేపర్లో ప్రకటన వేయించారు. ఒడిశాకు కబురు పంపారు. పిల్ల కోసం ఎవరూ రాలేదు, తల్లీ రాలేదు. నేను దత్తత సంగతి అడిగితే అక్కడి అధికారిణి మెత్తగానే చెప్పింది: "మీకు దొరికిందని మీకే ఇయ్యరు మేడం. దానికి ఒక పద్ధతి ఉన్నది. గని ఇంత పెద్ద పిల్లల్ని అడిగేటోళ్లు తక్కువ. ముందు పెంపకానికి తీసుకోండి. అన్నీ కుదిరితే తర్వాత దత్తత చూద్దాం. మీ ఇంటికొచ్చి చూస్తం."

ఏ ఇల్లు? ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నకు చెప్పాను. అన్న కంచంలో చెయ్యి కడిగేశాడు.

"నువ్వు బతికినన్ని రోజులు ఈ ఇంట్ల ఉండు చెల్లె, ఎవరొద్దన్నరు? గని ఆ పిల్లను తేవద్దు. ఎవరి పిల్లనో ఏందో. రేపు పెద్దగై భూమిల పాలు అడిగితే నా పిల్లలేం గావాలె?"

"నా పాలు నాది అన్నా. నేనిప్పుడు అడుగుతలేను. వద్దని కూడా అంటలేను."

"అంటే మా కంటే అదే ఎక్కువైందా నీకు?"

వదిన తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కువ తక్కువల లెక్క కాదని అన్నకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మర్నాడు కేంద్రంలో బియ్యం ఏరుతూ ఆయమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి, "నేనుండే ఇల్లు వానకు ఉరుస్తది, లేకుంటే అందుట్లనే ఉందుము. మొయినాబాద్‌ల కిరాయికి చూడు. ముగ్గురం ఉందాం" అంది. అంతే. ఏదో కూర వండుదామన్నంత మామూలుగా అంది.

రెండు గదుల ఇల్లు దొరికింది. మగదిక్కు లేని ఆడవాళ్లకు ఇవ్వనన్న ఇళ్లు కొన్ని దాటాక దొరికిన ఇల్లు అది. అధికారిణి చూడటానికి వచ్చినప్పుడు నీళ్ల డ్రమ్ము నుంచి మెట్ల దాకా అన్నీ చూసి, కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"మేమిద్దరం."

"ఈమె మీకేమవుతుంది?"

కలిసి పనిచేస్తామని చెప్పబోయాను. అది అబద్ధం కాదు, కానీ నిజమంతా కూడా కాదు. నేను మాట వెతుక్కునేలోపే ఆయమ్మ వంటింట్లోంచి చాయ్ గ్లాసులతో వచ్చి, "తల్లిని మేడం. కన్నది నేను గాదు గని, తల్లినే" అని గ్లాసు ఆమె చేతికిచ్చింది. ఆ తర్వాత ఆయమ్మ నన్ను టీచరమ్మా అని పిలిచింది కేంద్రంలో పిల్లల ముందు మాత్రమే. ఇంట్లో ఆమె నాకు అవ్వ, అంటే అమ్మ, అయింది.

పిల్ల మా ఇంటికొచ్చింది. వచ్చిన నాటి నుంచీ చెప్పులు విప్పేది కాదు. చెప్పులతోనే తినేది, చెప్పులతోనే పడుకునేది. ఏ క్షణంలో పొమ్మంటారోనని అనుకునేదేమో. అన్నం తిన్నాక ఒక రొట్టె దిండు కింద దాచేది. నేను తీసి పారేయబోతే అవ్వ వద్దంది. పాచిపోయిన రొట్టె తీసేసి, దాని చోట కొత్తది పెట్టేది. పిల్లకు ఆ సంగతి తెలుసు. ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే మా భయం. కేంద్రానికి వెంట వచ్చేది, చెప్పిన చోట కూర్చునేది, పాటలకు పెదవులు కదిపేది, అంతే.

ఒకరోజు స్నానానికి రమ్మని అవ్వ చెప్పులు విప్పబోయింది. పిల్ల అవ్వను తోసేసి, చెంబు విసిరికొట్టి అరిచింది: "నువ్వు మా అమ్మవు కాదు! ఆమె గూడ మా అమ్మ కాదు!" ఆ పిల్ల నోటి నుంచి మేం విన్న మొదటి నిండు తెలుగు మాట అది. చెంబు తగిలి అవ్వ నుదురు వాచింది. అవ్వ మాత్రం చెంబు వెతికి తెచ్చి, "కాను బిడ్డా. నిజమే. నీళ్లు చల్లగైతున్నయి, పా" అంది. పిల్ల అప్పుడు ఏడ్చింది. మా ఇంటికొచ్చాక అంత గట్టిగా ఏడ్వడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి అవ్వ భుజం మీదే నిద్రపోయింది. చెప్పు ఒకటి ఎప్పుడో జారిపడింది. రెండోది నేను విప్పాను.

ఏడాది దాటాక ఒక ఎండాకాలం, ఆ ఫామ్‌హౌస్ దగ్గరికి తీసుకెళ్లమని తనే అడిగింది. తీసుకెళ్లాలో వద్దో తేల్చుకోలేక అధికారిణికి ఫోన్ చేస్తే, తీసుకెళ్లమంది. ముగ్గురం వెళ్లాం. కొత్త కాపలా వాళ్లు వచ్చి ఉన్నారు. వాళ్లదీ ఒడిశానే. వాళ్ల ఆడమనిషి గది తలుపు తీసి చూపించింది. పిల్ల లోపలికి వెళ్లి ఒక మూల నిలబడి, గోడ మీద చెయ్యి పెట్టి, బయటికొచ్చింది. ఆ ఆడమనిషి సంతోషంగా తన భాషలో ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. పిల్ల ఆమె మొహం చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమంటున్నది?" అంది నాతో, తెలుగులో.

వాళ్లమ్మ మాట్లాడిన భాష అది. దాన్ని పిల్ల నుంచి ఎవరూ బలవంతంగా లాక్కోలేదు. రోజూ మేం ప్రేమగా మాట్లాడిన మాటలే దాని చోటు ఆక్రమించాయి. నాకు ఆ క్షణంలో దుఃఖం ఆగలేదు. ఆ ఆడమనిషి నాకు హిందీలో చెప్పింది, మీ ఊరు ఏదని అడిగాను, అంతేనని.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు పిల్లను అక్కడికి తీసుకెళ్లాను. ఆమె తన పిల్లలతో పాటు దీన్నీ కూర్చోబెట్టుకుని ఏవో పాటలు పాడేది. కొన్ని మాటలు మళ్లీ నాలుక మీదికి వచ్చాయి. నీళ్లు, అన్నం, ఆకాశం లాంటివి. వానలు మొదలయ్యేసరికి వాళ్లు కూడా అక్కడి నుంచి వెళ్లిపోయారు. నేర్పేవాళ్లు మళ్లీ దొరకలేదు. ఆ కొన్ని మాటలు పిల్ల ఇప్పటికీ పోగొట్టుకోలేదు.

కొంతకాలానికి దత్తత ఉత్తర్వు వచ్చింది. అవ్వ సేమియా పాయసం చేసి చుట్టుపక్కల పంచింది. అన్నకు కూడా పంపాను. కడిగిన గిన్నె తిరిగి వచ్చింది, మాట రాలేదు. వదిన మాత్రం అప్పుడప్పుడు అన్నకు తెలియకుండా ఫోన్ చేసి పిల్లను పలకరిస్తుంది.

మొన్నటి వేసవిలో మా ఊరికి దగ్గర్లోని ప్రొద్దుటూరులో మా చుట్టాల పెళ్లికి ముగ్గురం వెళ్లాం. అన్న పందిట్లో వడ్డిస్తున్నాడు. పిల్లకు వదిన ఏం నేర్పిందో గాని, "మామా, నాకు బగారన్నం" అని కంచం చాపింది. పంక్తిలో అందరూ అటు చూశారు. అన్న ఒక్క క్షణం ఆగాడు. "ఎంత తింటవ్?" అని అడిగి పెట్టాడు. కారం అవుతుందేమోనని పెరుగు చట్నీ కూడా వేశాడు. నా కంచం దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తకుండా వడ్డించి ముందుకెళ్లాడు. మా ఇద్దరి మధ్య మాటలు ఇప్పటికీ అంతంత మాత్రమే.

ఇప్పుడు మేం చేవెళ్లలో ఉంటున్నాం. పిల్లను అక్కడి బడిలో వేశాం. అవ్వ మోకాళ్లు అరిగి, ఆయా పని మానేసింది. పిల్ల నన్ను అమ్మా అంటుంది. ఎప్పటి నుంచి అనడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు. ఒకరోజు వంట చేస్తుంటే విని, అప్పటికే చాలా రోజులుగా అంటోందని తెలుసుకున్నాను. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అకస్మాత్తుగా మాట మానేసి కిటికీ దగ్గర కూర్చుంటుంది. అవ్వ, నేను ఏమీ అడగం. పిల్లకు ఎంత గుర్తుందో నాకు తెలియదు.

పెద్దయ్యాక ఒడిశాలో తన ఊరు వెతుక్కుంటానంటే వెంట నేనూ వస్తానని ఈ మధ్య తనకు చెప్పాను. పిల్ల చేతిలోని పెన్సిల్ చెక్కుతూ ఉండిపోయింది. మంచం మీంచి అవ్వ లేచి కూర్చుంది.

"అంత దూరం రైల్లనే పోవాలె గదా? నేను ఇంతవరకు రైలెక్కలే. నన్ను గూడ తీస్కపోండ్రి" అంది.

"నీ మోకాళ్లు?" అన్నాను.

"కూసునుడే గదా" అంది అవ్వ.

పిల్ల పెన్సిల్ పొట్టు ఊది, అవ్వకు కిటికీ పక్క సీటు ఇస్తానంది.