మూడో నంబరు బస్సులో తీర్పులు

2022లో నేను అబుదాబిలో ఒక నిర్మాణ కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్‌ని. ఐకాడ్ పారిశ్రామికవాడలోని క్యాంపు నుంచి సైట్లకు కార్మికులను చేరవేసే బస్సులు నా బాధ్యత. ఏ మనిషి ఏ బస్సు ఎక్కాలో రాసే కాగితాన్ని ట్రిప్ షీట్ అంటారు. అందులో ఒక పేరు మార్చడం నాకు క్షణం పని.

రాజేశం మాట వస్తే, ధైర్యం చెప్పి చదివించింది నేనేనని అబుదాబి శివారు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మిత్రులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. అది నిజం కాదు. ఇన్నాళ్లూ కాదనకుండా విన్నాను కాబట్టి ఇప్పుడు రాయాల్సి వస్తోంది.

రాజేశం జగిత్యాల వైపువాడు. బీఏ చదివి, ఇక్కడ స్టీల్ ఫిక్సర్‌గా, అంటే కాంక్రీటు పోసే ముందు ఇనుప చువ్వలు కట్టే పనిలో ఉండేవాడు. లా కాలేజీలో చేరడానికి లాసెట్ ఒకసారి రాశాడు, సీటు రాలేదు. మా దగ్గర సెలవు రెండేళ్లకోసారి. ఈసారి సెలవును పరీక్షకు కలిసొచ్చేలా పెట్టుకున్నాడు. ఇదీ పోతే ఇక లాయర్ కావాలన్న పట్టుదల తనలో మిగలదని అతని భయం.

సైట్‌కు గంట ప్రయాణం. మూడో నంబరు బస్సులో అందరూ తెలుగువాళ్లే. పరీక్ష పుస్తకంలోని ఒక ప్రశ్నను రాజేశం రోజూ పొద్దున కథ చేసి చెప్పేవాడు. ఒకసారి తనిఖీకి ఎక్కినప్పుడు నేనూ విన్నాను.

"ఎల్లయ్య మల్లయ్యకు మేకను అమ్మిండు. బేరమయ్యే యాళ్లకే మేక సచ్చిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెల్వది. బేరం చెల్లుతదా?"

వెనక సీటులోంచి ఎవరో అన్నారు: "ముందుగాల ఆ మేకను ఎవలు తిన్నరో చెప్పు లాయరన్నా."

చేతులెత్తి ఓట్లు వేసేవారు. తీర్పు సాయంత్రం, తిరుగు ప్రయాణంలో. చెల్లదని, ఇద్దరూ ఒకే పొరపాటులో ఉండి చేసుకున్న బేరమని ఆ సాయంత్రం చెప్పాడట. మర్నాటికి మళ్లీ కొత్త కేసు కావాలి.

బస్సులో గోల కూడదని కంపెనీ నియమం, డ్రైవర్ ధ్యాస చెదురుతుందని. నేను డ్రైవర్‌నీ అడగలేదు, రాజేశాన్నీ పిలవలేదు. అతని పేరు తీసి ఏడో నంబరు బస్సులో వేశాను. అందులో తెలుగువాడు ఒక్కడూ లేడు. ప్రశాంతంగా చదువుకుంటాడులే అని నాకు నేను చెప్పుకున్నాను.

కొన్ని వారాలకు అతను నా ఆఫీసుకు వచ్చాడు.

"సార్, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుల నా పేరు తీసేయుండ్రి. సెలవు వద్దని ముదీర్‌కు చెప్తున్న." ముదీర్ అంటే మా మేనేజర్.

"మరి పరీక్షో?"

"పుస్తకం తెరుస్తలేను సార్. తెరిచి ఎవలకు చెప్పాలె? మూడో బస్సులైతే పొద్దుగాల అడుగుతరన్న భయానికన్న చదివేటోన్ని."

బస్సు మార్చింది నేనని అతనికి తెలియదు, పైవాళ్ల పని అనుకున్నాడు. నేనూ చెప్పలేదు. ముదీర్ దగ్గరికి రెండు రోజులు ఆగి వెళ్లమని పంపించి, మూడో బస్సు డ్రైవర్ గుల్ ఖాన్‌ను అడిగాను. అతను పెషావర్ మనిషి, తెలుగు ముక్క రాదు. "వాళ్లు వాదులాడుకుంటుంటే నాకు నిద్ర వచ్చేది కాదు సాబ్. ఇప్పుడు అందరూ ఫోన్లు చూస్తున్నారు, నాకు ఆవలింతలు" అన్నాడు హిందీలో.

మర్నాటి షీటులో రాజేశం మళ్లీ మూడో బస్సులో ఉన్నాడు. ఇన్నాళ్ల కేసులన్నీ బాకీ ఉన్నాయని వాళ్లు అతన్ని దిగనివ్వలేదట. సెలవుకు వెళ్లాడు, పరీక్ష రాశాడు, సీటు తెచ్చుకుని అక్కడే ఉండిపోయాడు. మళ్లీ మూడో బస్సులో వేసినందుకు ఫోన్‌లో నాకు దండం పెట్టాడు. ఆ దండమే ఆ నోటా ఈ నోటా నా గొప్పగా మారింది.

పట్టుదల మనిషి గుండెలో ఉంటుందని నేను అనుకునేవాణ్ని. రాజేశం పట్టుదల సగం ఆ బస్సు సీట్లలో ఉంది.

ఈమధ్య అతను లా పూర్తి చేశాడని తెలిసి, ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అతను నవ్వాడు. "ఈ కేసు మన బస్సుల పెట్టుండ్రి సార్."

ఇప్పటికీ ఆ బస్సులు నా బాధ్యతే; మూడో నంబరు ఎక్కి పెట్టాను. ఓట్ల కోసం చూస్తే, తప్పేనని మొదట లేచిన చెయ్యి నాదే. పాతవాళ్లలో పెద్దవాడు పోశం తీర్పు చెప్పాడు.

"తప్పే సార్. మల్ల మీరే దిద్దుకున్నరు గని, శిక్షయితే ఉంటది. లాయరన్న పోయినంక కేసులు బందయినయి. రేపటి సంది మీరే తేవాలె."

లాసెట్ గైడు ఒకటి తెప్పించుకున్నాను. ఆఫీసు నుంచి రాగానే తెరుస్తున్నాను. పొద్దున అడుగుతారు మరి.