కుందేలుకి ఆపరేషన్, అన్నకి పరామర్శ

మా కుందేలు మగదని మాకు పాస్టరు గారి వల్ల తెలిసింది.

ఆ రోజు మా ఇంట్లో ప్రార్థన కూడిక. విడవలూరు పక్కన మా ఊళ్ళో వారానికి ఒకరింట్లో కూడుకోవడం అలవాటు. అందరికీ చాపలు పరిచి, పాస్టరు గారికి కుర్చీ వేసినాము. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తా ఉంటే, నేను ముద్దుగా పెంచుకుంటున్న తెల్ల కుందేలు వంటింట్లోంచి వచ్చి కుర్చీ చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. కాసేపు గుర్రుమంటా తిరిగి, ఉన్నట్టుండి ఆయన కుడిపాదాన్ని వాటేసుకుంది. ఆ తర్వాత అది చేసిన పని చూసి ముందు వరస ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పాస్టరు గారు కళ్ళు తెరవలేదు. గొంతు మాత్రం కాస్త పెంచినారు. ఆమేన్ ఎప్పటికంటే చాలా తొందరగా వచ్చింది.

అందరూ పోయినాక అమ్మ నా మీద పడింది. "దిండ్ల మీద ఉచ్చ పోసింది, ఊరుకున్నాను. మీ అన్న చెప్పుల్లో పోసింది, ఊరుకున్నాను. ఇప్పుడు అయ్యగారి కాలు! దీనికి ఏదో ఒకటి చెయ్యి."

నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినాను. ఆమె దాన్ని వెల్లకిలా తిప్పి చూసి నవ్వింది. "మగపిల్లాడమ్మా. ఈడొచ్చింది. ఆపరేషన్ చేసి ఆ రెండూ తీసేస్తే ఈ గోలంతా మెల్లగా తగ్గిపోతుంది. బుధవారం తీసుకురా. ఒక్క మాట గుర్తు పెట్టుకో, పస్తు మాత్రం పెట్టబాకు. కుందేలుకి వాంతి కాదు, పొట్ట ఖాళీ అయితే పేగులు ఆగిపోతాయి. బయల్దేరేదాకా తింటానే ఉండాల."

ఈ మాట అమ్మ నమ్మలేదు. "నాకు పిత్తాశయం తీసినప్పుడు గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వలేదే! దీనికి పెళ్ళిభోజనమా?" అని బుధవారం దాకా అంటానే ఉండింది.

కానీ భయం మాత్రం నాకంటే ఆమెకే ఎక్కువ. ఆదివారం ఆడవాళ్ళ కూడికలో ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి నిలబడింది. "మా ఇంట్లో పిల్లోడికి బుధవారం ఆపరేషన్ ఉంది. జ్ఞాపకం చేసుకోండమ్మా."

ఇంట్లో అమ్మ కుందేలుని పిల్లోడు అనే పిలుస్తుంది. అది నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు.

"ఏం ఆపరేషన్ మే?" అని అడిగింది పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, సంఘంలో అందరికీ ఆమె పెద్దమ్మే. రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరుగా చేసే మా అన్నకి ఒక సంబంధం చూసిపెట్టింది కూడా ఆమే.

అమ్మ తల వంచుకుని, "మగోళ్ళది అక్కా. ఇంకేం అడగబాక," అనింది.

ఆడవాళ్ళందరూ వెంటనే మోకాళ్ళ మీదికి దిగినారు. తర్వాత వాళ్ళు చేసిన ప్రార్థన అంతా ఇంతా కాదు, ఒకామె ఏడ్చింది కూడా. నేను బైబిల్లో ముఖం దాచుకున్నాను. అమ్మ అబద్ధం ఒక్కటీ చెప్పలేదు కదా, నేనేం దిద్దాల?

బుధవారం పొద్దున కుందేలు గరిక, కొత్తిమీర నములుతా ఉంటే అమ్మ కుళ్ళుకుంటా చూసింది. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి దాన్ని కూర్చోబెట్టి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని అన్న బండెక్కినాను. దారంతా అన్న గొణుగుడే. "సెలవు పెట్టి కుందేలుకి ఆపరేషన్ చేయిస్తా ఉన్నానని గుంటల కాడ తెలిస్తే నా పరువేం కావాల?"

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగని కుందేలుని చేతికిస్తా డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. వెచ్చగా ఉంచాల. గడ్డి మీద కాకుండా శుభ్రమైన గుడ్డ మీద పడుకోబెట్టాల. ఎగరనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అది తినాల, పెంటికలు వెయ్యాల. నెల్లూరు ఎండల్లో ఫ్యాను ఆపమన్న డాక్టరుని అప్పుడే చూసినాను.

సాయంత్రం ఇంటికి చేరినాక అన్న, దారిలో కొన్న రొయ్యల మేత మూటని బండి మీంచి దించి భుజానికి ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని, బ్రెడ్డూ బత్తాయిలూ హార్లిక్స్ సీసాతో గేటు తీసింది.

"దించు నాయనా, దించు! కుట్లు పిగిలిపోతాయి!"

అన్న బిత్తరపోయినాడు. "ఏం కుట్లు పెద్దమ్మా?"

"నా కాడ సిగ్గేంది? మీ అమ్మ చెప్పింది. సంబంధం వాళ్ళకి నేను ఒక్క ముక్క చెప్పలేదు, భయపడబాకు. పిల్లలు పుడతారా లేదా అనేది దేవుడి చేతిలో ఉంది."

మూట దబ్బున కింద పడింది. "అమ్మా!"

అమ్మ తలుపు వెనక నుంచే, "పిల్లోడు అన్నాను గానీ నీ పేరెత్తినానా?" అనింది.

ఇంక నవ్వు ఆపుకోలేక, నేనే వాళ్ళని గదిలోకి తీసుకుపోయినాను. పొట్ట కింద బొచ్చు గొరిగిన కుందేలు తువ్వాల మీద మూలుగుతా పడుకుని ఉంది. పెద్దమ్మ దాన్ని చూసింది, అమ్మని చూసింది. గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "దీనికోసమా మే, నేను మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా ప్రార్థన చేసింది?"

అయితే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కొత్తిమీర ముక్కు ముందర పెట్టినా కుందేలు వాసన కూడా చూడలేదు. ముడుచుకుని పళ్ళు కొరుకుతా ఉంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, నొప్పిమందు వేసి, తను ఇచ్చి పంపిన మేత పొడి నీళ్ళల్లో కలిపి సూది లేని సిరంజితో పట్టమనింది. నేను రెండుసార్లు పట్టినా అంతా గడ్డం మీదే కారిపోయింది. అప్పటిదాకా ఒక మూల అలిగి కూర్చున్న అన్న లేచి, దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బుగ్గ పక్కనుంచి చుక్కా చుక్కా పోస్తా, "నీ వల్ల నా పెళ్ళి చెడింది. ఇప్పుడు మింగకుండా చస్తే ఊరుకోను," అన్నాడు. మెల్లగా దవడలు కదిలినాయి. ఫ్యాను లేని గదిలో అందరం చెమటలు కారుస్తా ఆ దవడల్నే చూస్తా కూర్చున్నాము. పెద్దమ్మ కూడా ఇంటికి పోలేదు.

తెల్లారినాక అమ్మ కేక పెట్టింది. "వేసింది! వేసింది!" అన్న నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తినాడు. గుడ్డ మీద చిన్న చిన్న పెంటికలు. రోజూ వాటిని తిట్టుకుంటా ఊడ్చే అమ్మ, వాటి ముందర గొంతుక్కూర్చుని దేవునికి స్తోత్రాలు చెప్పింది.

అన్న సంబంధం చెడలేదు. పెద్దమ్మే వాళ్ళకి ఫోన్ చేసి, కుందేలుని ఒళ్ళో పెట్టుకుని మేత పట్టిన పిల్లోడు, ఇంకేం కావాల మీకు అని గట్టిగా చెప్పింది. ఆమె ఫోన్ పెట్టేలోగా వాళ్ళు సరే అన్నారు.

కుట్లు మానేదాకా గుంటల కాడి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ ట్రేలు చుట్టూ అడ్డం పెట్టి ఉంచినాము. డాక్టరమ్మ చూసి ఇంక పరవాలేదన్నాక, ఒక ఉదయం వాటిని తీసేసినాము. కుందేలు గడప దాకా వచ్చింది, ఆగింది, ఒక్క ఎగురు ఎగిరి వసారాలో పడింది. అమ్మ కూరగాయల కత్తి చేతిలో ఉన్న సంగతి కూడా మరిచిపోయి, "నిదానం రా, నిదానం," అంటా దాని వెనకే పోయింది.